నూటమూడో ల్యాప్

1992 నవంబర్ 15, ఆదివారం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా మోటార్ స్పీడ్‌వే. స్టాక్ కార్ రేసింగ్ సీజన్‌లో చివరి పోటీ. ఆ రేసు బిల్ ఎలియట్ గెలిచాడు. కానీ ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ మాత్రం రెండో స్థానంలో వచ్చిన అలన్ కుల్వికీకి దక్కింది. సీజన్ మొత్తం మీద కుల్వికీకి 4078 పాయింట్లు, ఎలియట్‌కి 4068. తేడా పది. తమాషా ఏంటంటే, రేసు మొదలవకముందు కూడా ఆ ఇద్దరి మధ్య తేడా సరిగ్గా పదే. దాదాపు మూడుముప్పావు గంటలు కారు నడిపి, అందరికంటే ముందొచ్చి కూడా ఎలియట్ ఒక్క పాయింట్ దగ్గరకి జరగలేకపోయాడు.

ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే కొంచెం లెక్క చెప్పుకోవాలి. భయపడక్కర్లేదు, కూడికలూ తీసివేతలే. ‘ఎవరు గెలుస్తారు’ అని అడిగే ముందు ‘ఏది గెలుపు’ అని అడగాలని నాకు బాగా అర్థమైంది ఈ లెక్క వేసి చూసినప్పుడే.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. స్టాక్ కార్ అంటే చూడ్డానికి షోరూమ్‌లో అమ్మే కారులాగే ఉంటుంది, లోపల మాత్రం పూర్తిగా రేసు కోసం కట్టిన యంత్రం. ఫార్ములా వన్‌లోలాగా మెలికలు తిరిగే ట్రాక్‌లు తక్కువ. ఎక్కువ రేసులు కోడిగుడ్డు ఆకారంలో ఉండే ట్రాక్‌ల మీదే. అట్లాంటాలో ఒక చుట్టు సుమారు రెండున్నర కిలోమీటర్లు. అలాంటివి 328 చుట్లు, అంటే దాదాపు 800 కిలోమీటర్లు. ఎడంపక్కకి తిప్పుకుంటూ పోవడమేగా, ఇందులో ఏముంది అని తెలియనివాళ్ళు వెక్కిరిస్తుంటారు. నలభై కార్లు ఒకదాని వెనక ఒకటి అంగుళాల దూరంలో ఆ వేగంతో పోతున్నప్పుడు అలసట, టైర్లు, పెట్రోలు, పక్కవాడి తప్పు, అన్నీ కలిసి అదొక పెద్ద లెక్క అవుతుంది. ఈ పోటీలు నడిపే సంస్థ పేరు నాస్కార్. 1992 సీజన్‌లో మొత్తం 29 రేసులు.

ఇక పాయింట్లు. అప్పట్లో వాడిన పద్ధతిని 1975లో బాబ్ లాట్‌ఫర్డ్ అనే ఆయన తయారుచేశాడు. డేటోనా బీచ్‌లో ఒక బార్‌లో కూర్చుని కాగితం నాప్‌కిన్ మీద రాశాడని చెప్పుకుంటారు. గెలిచినవాడికి 175, రెండోవాడికి 170. ఆరో స్థానం దాకా ఐదేసి చొప్పున తగ్గుతూ వస్తాయి. అక్కణ్ణుంచి పదకొండో స్థానం దాకా నాలుగేసి, ఆ తర్వాత మూడేసి. రేసులో కనీసం ఒక్క ల్యాప్ అందరికంటే ముందు నడిస్తే 5 అదనం. అందరికన్నా ఎక్కువ ల్యాప్‌లు ముందు నడిచినవాడికి ఇంకో 5.

గెలుపుకీ రెండో స్థానానికీ మధ్య ఐదే తేడా అన్నది గమనించండి. ఇది వీరుల కోసం చేసిన పద్ధతి కాదు. రోజూ టైముకి ఆఫీసుకొచ్చి, పని చేసుకుని, బండి సొట్టలు పడకుండా ఇంటికి వెళ్ళేవాళ్ళ కోసం చేసిన పద్ధతి. ఒకరోజు అద్భుతంగా గెలిచి, మరుసటి వారం గోడకి గుద్దుకున్నవాడికంటే రెండు వారాలూ ఏడో స్థానంలో వచ్చినవాడికి ఎక్కువ మిగుల్తుంది.

* * *

అట్లాంటాకి వచ్చేసరికి లెక్కప్రకారం ఆరుగురికి అవకాశం ఉంది. డేవీ అలిసన్ అందరికంటే పైన. కుల్వికీ 30 పాయింట్లు వెనక, ఎలియట్ 40 వెనక, హ్యారీ గాంట్ 97, కైల్ పెట్టీ 98, మార్క్ మార్టిన్ 113. అలిసన్‌కి ఐదో స్థానం వస్తే చాలు. మిగతావాళ్ళు ఆకాశం బద్దలుకొట్టినా కప్పు అతనిదే. అంతకుముందు రేసు, ఫీనిక్స్‌లో, గెలిచిందీ అతనే. ఆ ఏడాది అప్పటికి ఐదు రేసులు గెలిచాడు, డేటోనా 500తో సహా.

ఆ వారం మీరు పందెం కాయాల్సి వస్తే? బుద్ధి ఉన్నవాడెవడైనా అలిసన్ అనేవాడు. మనసు మాట వినేవాడు ఎలియట్ అనేవాడు, ఎందుకంటే అతనిది జార్జియాయే, ఇదే ట్రాక్ మీద ఆ మార్చిలో గెలిచాడు కూడా. కుల్వికీ పేరు చెప్పడానికి పెద్ద కారణాలేం లేవు. అట్లాంటాలో అతను ఎప్పుడూ గెలవలేదు. ఎనిమిది వారాల ముందు, సెప్టెంబర్‌లో డోవర్ రేసులో కారు గుద్దుకుని, ఆరు రేసులు మిగిలుండగా 278 పాయింట్లు వెనకబడ్డాడు. ఆ స్థితిలో ఉన్నవాణ్ణి ఏ లెక్కలోనూ ఎవరూ వేసుకోరు.

జోస్యానికి మన దగ్గరా కొరత లేదు. సంక్రాంతి పందాలకి కుక్కుట శాస్త్రం ఉంది. ఏ రోజు, ఏ వేళకి, ఏ దిక్కు నుంచి దింపితే డేగ గెలుస్తుందో, కాకి గెలుస్తుందో అందులో రాసి ఉంటుందంటారు. ఆ శాస్త్రం నిజమా కాదా అన్నది పక్కన పెడితే, దాని నిర్మాణం నాకు ఆసక్తిగా ఉంటుంది. పుంజు రంగు, నక్షత్రం, వారం: ఇచ్చిన లక్షణాల నుంచి ఫలితం తీయడం. నేను ఉద్యోగంలో చేసే పనిలో సగం కూడా దాదాపు ఇదే. నిన్నటి అంకెల్ని బట్టి రేపు సర్వర్ల మీద ఎంత బరువు పడుతుందో అంచనా కట్టడం. పుంజుల బదులు పట్టికలుంటాయి, అంతే. రెండింటిలోనూ ఒక నమ్మకం దాగి ఉంది. పోటీదారుడి లక్షణాలు తెలిస్తే ఫలితం తెలుస్తుందని. పోటీకి పెట్టిన నియమం కూడా ఒక పోటీదారుడే అన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

కుల్వికీకి అది గుర్తుంది.

* * *

అతను ఇంజనీరు. ఆ మాట ఊరికే గొప్పకి అనడం లేదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో పుట్టి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మిల్వాకీ శాఖలో 1977లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. డిగ్రీ చేతిలో ఉన్న మొదటి నాస్కార్ కప్ ఛాంపియన్ అతనే. ఈ ఆట దక్షిణాది రాష్ట్రాలది. తండ్రుల నుంచి కొడుకులకి, షెడ్డు నుంచి షెడ్డుకి పాకిన విద్య. అలిసన్ తండ్రి బాబీ కూడా ఛాంపియనే. కైల్ పెట్టీది మూడో తరం. వాళ్ళ మధ్యకి ఉత్తరాది నుంచి ఒంటరిగా వచ్చాడు కుల్వికీ. 1986లో ఉత్తమ కొత్త డ్రైవర్ అనిపించుకున్నాడు. సొంత టీమ్, తనే యజమాని, తనే డ్రైవర్. పెద్ద టీమ్ యజమాని జూనియర్ జాన్సన్ తన దగ్గర నడపమని పిలిస్తే కాదన్నాడు. 1992లో ఎలియట్ నడిపిన కారు ఆ జాన్సన్‌దే. అంటే కుల్వికీ ఆ రోజు పోరాడింది తను వద్దనుకున్న కుర్చీతో.

ఆ చివరి రేసుకి తన ఫోర్డ్ థండర్‌బర్డ్ ముందు భాగంలో ఉన్న పేరులోంచి మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు తీసేయించాడు. మిగిలింది అండర్‌బర్డ్. ఎవరూ లెక్కచేయనివాడు అని తన మీద తనే వేసుకున్న జోకు.

ఆ రోజు అట్లాంటాలో ఇంకో రెండు సంగతులు కూడా ఉన్నాయి. 200 రేసులు, ఏడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన రిచర్డ్ పెట్టీకి అది ఆఖరి రేసు. జెఫ్ గోర్డన్ అనే ఇరవయ్యొక్కేళ్ళ కుర్రాడికి అది మొదటి కప్ రేసు. పెట్టీ కారు మధ్యలో గుద్దుకుని మంటలంటుకుంది. బాగుచేసి చివరి ల్యాప్‌లకి మళ్ళీ ట్రాక్ మీదకి తెచ్చారు. 35వ స్థానం. గోర్డన్‌కి 31. ఒక సినిమాలో ఇవన్నీ ఒకే రోజు పెడితే రచయితకి అతి చేస్తున్నావని చెప్పి తీయించేస్తాం.

రేసులో మొదట ఇబ్బంది పడింది కుల్వికీయే. మొదటి పిట్ స్టాప్‌లోనే గేర్‌బాక్స్‌లో ఫస్ట్ గేర్ విరిగిపోయింది. కారు ఆగిన ప్రతిసారీ పై గేర్‌లోనే కదిలించాలి, ఇంజన్ ఆగిపోకుండా వెనకనుంచి టీమ్ వాళ్ళు తోయాలి. మార్టిన్, కైల్ పెట్టీ ఇంజన్లు పోయి తప్పుకున్నారు. గాంట్ వెనకబడ్డాడు. అయినా అలిసన్ తనకి కావలసిన చోటే సౌఖ్యంగా ఉన్నాడు.

250 ల్యాప్‌లు దాటాక, ఛాంపియన్‌షిప్‌తో ఏ సంబంధమూ లేని ఎర్నీ ఇర్వన్ కారు అదుపు తప్పి సరిగ్గా అలిసన్ ముందుకొచ్చి తిరిగింది. తప్పించుకోడానికి చోటు లేదు. అలిసన్ 27వ స్థానంలో మిగిలాడు. తొమ్మిది నెలలు కట్టుకున్నది రెండు సెకన్లలో పోయింది. ఇందులో అతని తప్పు లేదు, ఏ అంచనాలోనూ ఇర్వన్ టైరుకి గడి లేదు.

ఇప్పుడు మిగిలింది ఇద్దరే. ఎలియట్, కుల్వికీ. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ముందు నడుస్తున్నారు. చూసేవాళ్ళందరి కళ్ళూ ఒకే ప్రశ్న మీద: ఎవరు ముందు గీత దాటతారు?

కుల్వికీ టీమ్ వేరే ప్రశ్న వేసుకుంది. క్రూ చీఫ్ పాల్ ఆండ్రూస్, మిగతా బృందం పిట్‌లో కూర్చుని కాగితం మీద లెక్క కడుతున్నారు. ఎలియట్ రేసు గెలిస్తే 175, ముందు నడిచినందుకు 5, మొత్తం 180. మనం రెండో స్థానంలో వస్తే 170, ముందు నడిచినందుకు 5, మొత్తం 175. ఐదు పోతుంది, పదిలో ఐదు మిగుల్తుంది. ఇక చివరి 5, ఎక్కువ ల్యాప్‌లు ముందు నడిచినవాడికిచ్చేది, ఎవరికి?

అది ఎలియట్‌కి పోతే ఇద్దరికీ 4073. సమానం. సమానమైతే సీజన్‌లో ఎక్కువ రేసులు గెలిచినవాడికి కప్పు. ఎలియట్‌వి, ఇది కలిపి, ఐదు. కుల్వికీవి రెండు. అంటే ఎలియట్ ఛాంపియన్. అదే 5 కుల్వికీకి వస్తే రేసు ఎలియట్ గెలిచినా పర్వాలేదు.

కాబట్టి అసలు రేసు 328వ ల్యాప్ దగ్గర ముగియదు. ఇద్దరిలో ఎవరో ఒకరు, అవతలివాడు ఇక దాటలేనన్ని ల్యాప్‌లు పూర్తిచేసుకున్న చోట ముగుస్తుంది. ఆ చోటు ఎక్కడో పాల్ ఆండ్రూస్ కాగితం మీద ఉంది. పెట్రోలు అయిపోవస్తున్నా కుల్వికీని పిట్‌లోకి పిలవకుండా 310వ ల్యాప్ దాకా ముందు నడవనిచ్చారు. అక్కడికి అతను ముందున్న ల్యాప్‌లు 103. మిగిలిన ల్యాప్‌లన్నీ ఎలియట్ ముందు నడిచినా ఆ అంకెని దాటలేడు. అప్పుడు పిలిచారు. టైర్లు మార్చలేదు, కాస్త పెట్రోలు పోసి, తోసి పంపించేశారు.

ఆఖరి ల్యాప్‌లలో కుల్వికీ ఎలియట్‌ని తరమలేదు. తరమక్కర్లేదు. పెట్రోలు మిగుల్చుకుంటూ రెండో స్థానంలో వచ్చాడు. ఎలియట్ ముందు నడిచిన ల్యాప్‌లు 102.

103, 102. ఈ అంకెల్ని ఒకసారి అటూ ఇటూ మార్చి చూడండి. ఒక్క ల్యాప్, ఒకే ఒక్క ల్యాప్, కుల్వికీ బదులు ఎలియట్ ఖాతాలో పడి ఉంటే ఇద్దరికీ 4073, కప్పు ఎలియట్‌ది. 29 రేసులు, వేల ల్యాప్‌లు, తేడా ఒక్కటి.

గెలిచాక కుల్వికీ వెంటనే కారు దిగలేదు. బయట కెమెరాలు ఎదురుచూస్తుంటే లోపల కూర్చుని తీరిగ్గా తల దువ్వుకున్నాడు. అంతకుముందు ట్రాక్ మీద ఉల్టా దిశలో ఒక చుట్టు తిరిగాడు, 1988లో తన మొదటి రేసు గెలిచినప్పుడు తిరిగినట్టే. పోలిష్ వలసదారుల వంశం కాబట్టి దాన్ని పోలిష్ విక్టరీ ల్యాప్ అనేవాళ్ళు.

ఇంకో అయిదు నెలలు కూడా గడవలేదు. 1993 ఏప్రిల్ 1న, బ్రిస్టల్ రేసుకి వెళ్తూ టెనెసీలో విమానం కూలి కుల్వికీ చనిపోయాడు. వయసు 38. అదే జూలైలో టాలడీగా దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో డేవీ అలిసన్ కూడా పోయాడు. వయసు 32. ఆ మధ్యాహ్నం కప్పు కోసం ముగ్గురు పోటీపడితే వచ్చే శీతాకాలానికి ఎలియట్ ఒక్కడే మిగిలాడు. వచ్చే ఏడాది ఎవరు గెలుస్తారని 1992 డిసెంబర్‌లో వేసిన అంచనాలన్నిటిలోనూ ఆ ఇద్దరి పేర్లూ ఉండే ఉంటాయి.

* * *

కథ ఇక్కడితో ఆపేస్తే ఒక మంచి ఆదివారం కథ అవుతుంది. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత జరిగింది.

లాట్‌ఫర్డ్ పద్ధతిలో 1992 లాంటి ముగింపు అరుదు. ఏడాది పొడుగునా కూడుకుంటూ పోతే అదృష్టం, దురదృష్టం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మంచివాడు నిదానంగా పైకి తేలతాడు. చివరి రేసు రాకముందే ఫలితం తేలిపోవడం మామూలు. 2003లో మాట్ కెన్‌సెత్ ఏడాదంతా కలిపి ఒకే ఒక్క రేసు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. అదే ఏడాది ఎనిమిది రేసులు గెలిచిన రయన్ న్యూమన్‌కి కప్పు రాలేదు. లెక్కప్రకారం ఇందులో తప్పేం లేదు, టీవీకి మాత్రం చాలా తప్పుంది.

2004 నుంచి మార్పులు మొదలయ్యాయి. చివరి పది రేసులకి మొదటి పదిమంది పాయింట్లని దగ్గర దగ్గరకి తెచ్చి మళ్ళీ మొదలుపెట్టించారు. దానికి ఛేజ్ అని పేరు. ఆ ఏడాది చివరి రేసులో కర్ట్ బుష్ కారు చక్రం ఊడిపోయింది. సరిగ్గా పిట్‌లోకి తిరిగే చోట గోడని అంగుళాల్లో తప్పించుకుని లోపలికి దొర్లాడు. ఛాంపియన్‌షిప్ ఎనిమిది పాయింట్లతో గెలిచాడు. 2011లో టోనీ స్టూవర్ట్ మొదటి 26 రేసుల్లో ఒక్కటీ గెలవలేదు. మేం ఈ ఛేజ్‌లో ఉండి ఒక చోటు వృథా చేస్తున్నాం అని తనే అన్నాడు. తర్వాతి పదిలో ఐదు గెలిచాడు. చివరికి అతనికీ కార్ల్ ఎడ్వర్డ్స్‌కీ 2403 చొప్పున సమానంగా వచ్చాయి. ఎక్కువ గెలుపులున్న స్టూవర్ట్‌కి కప్పు. 1992లో ఎలియట్‌కి పనికిరాకుండా పోయిన నియమం ఇక్కడ పనికొచ్చింది. 2019 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్లో బౌండరీలు లెక్కపెట్టిన రాత్రి మనం తిట్టుకున్నాం గానీ, ప్రతి ఆటలోనూ అలాంటి ఒక గది తాళం వేసి ఉంటుంది. అవసరం పడేదాకా దానివైపు ఎవరూ చూడరు.

2014లో ఇంకా ముందుకెళ్ళారు. ఏడాదంతా వడపోసి నలుగురిని మిగిల్చేవారు. చివరి రేసులో ఆ నలుగురిలో ఎవరు ముందొస్తే వాళ్ళే ఛాంపియన్. 35 రేసుల లెక్క మొత్తం తుడిచేసి ఒక్క మధ్యాహ్నం. ఆ మొదటి ఏడాదే న్యూమన్ ఒక్క రేసు కూడా గెలవకుండా ఆఖరి నలుగురిలోకి వచ్చి, రెండో స్థానంలో ముగించాడు. 2003లో ఎనిమిది గెలిచి దక్కనివాడు, 2014లో ఒక్కటీ గెలవకుండా ఒక్క అడుగు దూరం దాకా వచ్చాడు. మనిషి అతనే, మారింది నియమం.

2025 నవంబర్ 2, ఫీనిక్స్. డెనీ హామ్లిన్‌కి అప్పటికి 60 రేసు విజయాలున్నాయి, ఛాంపియన్‌షిప్ ఒక్కటీ లేదు. ఆ రోజు 208 ల్యాప్‌లు ముందు నడిచాడు. ఇంకో మూడు ల్యాప్‌లుంటే అయిపోతుందనగా వేరే కారు టైరు పోయి, రేసుని నెమ్మదింపజేసి మళ్ళీ మొదలుపెట్టారు. పిట్‌లో హామ్లిన్ నాలుగు టైర్లు మార్చుకున్నాడు, కైల్ లార్సన్ రెండే మార్చుకుని ముందొచ్చేశాడు. లార్సన్ ఛాంపియన్. ఆ రోజు అతను ముందు నడిచిన ల్యాప్‌లు సున్నా.

లార్సన్ అర్హుడు కాదని నేననడం లేదు, గొప్ప డ్రైవర్. ఉన్న నియమంలో గెలిచాడు. నా గొడవ అంచనా గురించి. ఒకే ఒక్క రేసు, నలుగురు, దాదాపు సమానమైన కార్లు: ఇందులో ఎంత మంచి మోడల్ కట్టినా నాలుగు చిట్టీలు వేసి తీయడం కంటే కొంచెమే మెరుగ్గా ఉంటుంది. అది మోడల్ లోపం కాదు. అంచనాకి అందకూడదనే దాన్ని అలా కట్టారు. చివరిదాకా ఎవరు గెలుస్తారో తెలియకపోతే చివరిదాకా జనం చూస్తారు. ఉత్కంఠ అమ్ముడుపోయే సరుకు, దాన్ని ఫ్యాక్టరీలో తయారుచెయ్యొచ్చు అనుకున్నారు.

1992 మీద ఇంత ప్రేమ ఎందుకంటే అది తయారుచేసింది కాదు. ఆరుగురిని ఎవరూ వడపోసి తెచ్చి నిలబెట్టలేదు. 28 రేసుల బరువూ ఆ ఒక్క మధ్యాహ్నం మీద పడింది కాబట్టే అలిసన్ కారు గుద్దుకున్నప్పుడు గుండె కలుక్కుమంది, కాబట్టే ఒక ల్యాప్‌కి అంత విలువొచ్చింది. ఫీనిక్స్‌లో హామ్లిన్ విషయంలోనూ బాధ ఉంది. అయితే అది తీర్పు మీద బాధ కంటే లాటరీ మీద బాధలా ఉంటుంది. అప్పట్లో లెక్కలోంచి కథ పుట్టింది. తర్వాత కథ కోసం లెక్కని మారుస్తూ వచ్చారు.

జనం కూడా ఇది పసిగట్టినట్టే ఉన్నారు. అభిమానులు ఏళ్ళ తరబడి గొడవచేశాక, 2026 సీజన్‌కి ముందు నాస్కార్ ఆ నలుగురి పద్ధతిని వదిలేసి, చివరి పది రేసుల పాయింట్లూ కూడే పాత ఛేజ్‌కి తిరిగి వెళ్తున్నట్టు ప్రకటించింది. పూర్తిగా లాట్‌ఫర్డ్ నాప్‌కిన్ దాకా కాదు, సగం దారి.

ఎవరైనా ‘ఈసారి ఎవరు గెలుస్తారంటావ్’ అని అడిగితే, అది ఏ ఆటైనా, ఎన్నికలైనా, నేను మొదట నియమాల కాగితం అడుగుతాను. సమానమైతే ఏం చేస్తారు? దేనికెంత? ఏది తుడిచేస్తారు, ఏది ఉంచుతారు? ఎక్కువసార్లు జవాబు సగం అక్కడే ఉంటుంది. మిగతా సగం ఎర్నీ ఇర్వన్ టైరులో ఉంటుంది, దాన్ని ఎవరూ చెప్పలేరు. ఆ రెండు సగాలూ వేరని తెలిసి, మొదటి సగాన్ని పూర్తిగా చదువుకుని, రెండోదాని కోసం ఫస్ట్ గేర్ లేకపోయినా ట్రాక్ మీదే ఉండటం. కుల్వికీ ఆ మధ్యాహ్నం చేసింది ఇంతే.